మూడు కాళ్ళ బ్రూనోకి ఎలాంటి చక్రాల బండి కొనాలి?

ప్రశ్న: మా బ్రూనో మగ లాబ్రడార్. ఏడేళ్ళు, 34 కిలోలు. ఐదు నెలల కిందట కారు గుద్దేసింది. కుడి ముందు కాలి నరాలు తెగిపోయాయని, ఆ కాలు ఇక పనిచేయదని భుజపు రెక్క ఎముకతో సహా తీసేశారు. నెల తిరక్కుండానే మూడు కాళ్ళతో ఇల్లంతా తిరిగేశాడు. ఈమధ్య మాత్రం పది నిమిషాలు నడిస్తే చాలు, కూలబడిపోతున్నాడు. మిగిలిన ముందు కాలి మణికట్టు కిందికి వాలుతున్నట్టు కనిపిస్తోంది. ఆన్‌లైన్‌లో వెనక రెండు చక్రాలుండే బండి ఒకటి చూశాం. రేటు కూడా అందుబాటులోనే ఉంది. అది కొనొచ్చా? కొలతలు ఎలా తీసుకోవాలి? వాడికి అలవాటు చేయడం ఎలా? — ఒక పాఠకురాలు

జవాబు: ఆ బండి మాత్రం కొనకండి. వెనక చక్రాల బండి నడుముని మోస్తుంది. బ్రూనోకి వెనక కాళ్ళు రెండూ బాగానే ఉన్నాయి, కష్టమంతా ముందుంది. నడుము చక్రాల మీదికి ఎక్కిందంటే, ఇప్పుడు వెనక కాళ్ళు పంచుకుంటున్న బరువు వాటికి తప్పిపోతుంది. తోసే బలం వెనక కాళ్ళకి తగ్గి, బండిని లాగే పని కూడా ఆ ఒక్క ముందు కాలే చేయాలి. ఇప్పటికే వాలుతున్న మణికట్టు ఇంకా తొందరగా కుంగిపోతుంది. కాలు తీసేసిన కుక్కలకి బండి కొనేవాళ్ళలో ఎక్కువమంది చేసే పొరపాటు ఇదే. దుకాణాల్లో కనిపించేవాటిలో నూటికి తొంభై వెనక కాళ్ళు పడిపోయిన కుక్కల కోసం చేసినవే అన్నట్టు ఉంటాయి కాబట్టి, కంటికి మొదట కనిపించింది కొనేస్తారు.

బండి ఎంచుకునేటప్పుడు చూడాల్సింది మిగిలిన కాలిని. నాలుగు కాళ్ళున్న కుక్క నిలబడితే ఒంటి బరువులో సుమారు 60 శాతం ముందు కాళ్ళ మీద, 40 శాతం వెనక కాళ్ళ మీద పడుతుంది. 34 కిలోల బ్రూనోకి కాలు పోకముందు ఒక్కో ముందు కాలు పదేసి కిలోలు మోసేది. ఒక కాలు పోయాక కుక్క తెలివిగా కొంత బరువు వెనక్కి మళ్ళించుకుంటుంది. అయినా మిగిలిన ముందు కాలి మీద ఒంటి బరువులో దాదాపు సగం దాకా పడుతుంది, అంటే 15, 16 కిలోలు. ఇది నిలబడినప్పటి మాట. ముందు కాలు లేని కుక్క నడవదు, గెంతుతుంది. తల పైకెత్తి, ఛాతీని గాల్లోకి లేపి, ఆ లిప్తలో కాలు ముందుకి వేసి దిగుతుంది. దిగిన ప్రతిసారీ మణికట్టు మీద పడే దెబ్బ ఇంకా ఎక్కువ. ఐదు నెలలు ఇలా గెంతితే మణికట్టు వెనకవైపు కీలుని పట్టి ఉంచే కణజాలం సాగుతుంది. మీరు చూస్తున్న వాలడం అదే అయి ఉండొచ్చు.

"అయి ఉండొచ్చు" అనే అంటున్నాం, ఎందుకంటే బండి కంటే ముందు డాక్టరు చూడాల్సినవి ఉన్నాయి. మణికట్టుకి మామూలు ఎక్స్‌రేతో పాటు, కీలుని వెనక్కి వంచి పట్టుకుని తీసే ఎక్స్‌రే కూడా తీయమనండి. పట్టు ఎంత వదులైందో రెండో దాంట్లోనే తెలుస్తుంది. లాబ్రడార్లలో మోచేతి కీళ్ళ అరుగుదల సామాన్యం, కాబట్టి ఆ కాలి మోచేయి కూడా చూడమనండి. వాలడం మొదటి దశలో ఉంటే మణికట్టుకి బిగించే బ్రేస్ (కీలు వాలకుండా పట్టి ఉంచే గట్టి తొడుగు) సరిపోవచ్చు. బాగా ముదిరితే ఆపరేషన్ చేసి కీలుని కదలకుండా బిగించేస్తారు. బ్రేస్ వాడాల్సి వస్తే బండి కొలతలకి ముందే అది వాడి కాలికి ఉండాలి. బ్రేస్ అడుగు భాగానికుండే మందం వల్ల కాలి ఎత్తు మారుతుంది. బండి ముందు తయారై బ్రేస్ తర్వాత వస్తే అమరిక మళ్ళీ మొదటికొస్తుంది.

ఎముక కేన్సర్ వచ్చి కాలు తీయించిన కుక్కల యజమానులు ఇది చదువుతుంటే, ఒక మాట. బాగా తిరిగే కుక్క ఉన్నట్టుండి కుంటినా, అడుగు వేయనని మొరాయించినా బండి ఆలోచన పక్కన పెట్టి ముందు ఆ కాలికీ, ఊపిరితిత్తులకీ ఎక్స్‌రే తీయించండి. అలసట మెల్లగా వస్తుంది. రాత్రికి రాత్రి వచ్చిన కుంటితనానికి వేరే కారణం ఉంటుంది.

తర్వాతిది బరువు. 34 కిలోలు మామూలు మగ లాబ్రడార్‌కే ఎక్కువ వైపు, మూడు కాళ్ళ లాబ్రడార్‌కి మరీ భారం. పక్కటెముకల మీద అరచేయి ఆనించి తేలిగ్గా రాయండి. నొక్కకుండానే ఎముకలు ఒక్కొక్కటీ తగలాలి. పైనుంచి చూస్తే పక్కటెముకల వెనక నడుము సన్నబడాలి. ఈ రెండూ లేకపోతే తగ్గించాల్సిందే. వారానికి ఒంటి బరువులో ఒకటి నుంచి రెండు శాతం, అంటే 340 నుంచి 680 గ్రాములు తగ్గడం క్షేమం. 29 కిలోలకి రావడానికి రెండు నుంచి నాలుగు నెలలు పడుతుంది. నడక పెంచి తగ్గించే పరిస్థితి ఇప్పుడు లేదు, తిండి తూచి పెట్టడమే మార్గం. ఐదు కిలోలు తగ్గితే ఆ కాలికి నిలబడ్డప్పుడే రెండు కిలోలకి పైగా తేలికవుతుంది. ఏ బండీ రోజంతా ఉంచుకోలేరు, ఈ తేలిక మాత్రం నిద్రలో లేచి నీళ్ళు తాగడానికి వెళ్ళినప్పుడు కూడా ఉంటుంది.

ఇంట్లో కూడా రెండు మూడు మార్పులు ఈరోజే చేయొచ్చు. సోఫా మీంచి, కారులోంచి కిందికి దూకనివ్వకండి. దూకితే మొత్తం బరువు ఆ ఒక్క మణికట్టు మీద దిగుతుంది. నున్నటి గచ్చు మీద వాడు తిరిగే దారి పొడవునా జారని చాపలు పరచండి. అన్నం గిన్నె, నీళ్ళ గిన్నె ఛాతీ ఎత్తుకి లేపితే తినేంతసేపూ ముందుకి వంగి కాలి మీద వాలనక్కర్లేదు. గోళ్ళు పొట్టిగా ఉంచండి, పాదం మెత్తల మధ్య పెరిగిన వెంట్రుకలు కత్తిరించండి. మెట్ల దగ్గర ఛాతీ కింద పట్టీ, వీపు మీద పిడి ఉన్న హార్నెస్‌తో మీరే కాస్త లేపి పట్టుకోండి.

ఇవన్నీ చేశాక కూడా బయట నడక పది నిమిషాలు దాటకపోతే అప్పుడు బండి. మూడు కాళ్ళ కుక్కల్లో ఎక్కువ వాటికి బండి అవసరమే రాదు. పెద్ద ఒళ్ళు, ముందు కాలు లేకపోవడం, మిగిలిన కాలిలో లోపం, ఈ మూడూ కలిసిన చోట అవసరం వస్తుంది. బ్రూనోలో మూడూ ఉన్నాయి. మా అభిప్రాయం: వాడికి బయట షికారుకి ముందు చక్రాల బండి కావాలి, ఇంట్లో అక్కర్లేదు. ఇంట్లో నాలుగడుగులు మూడు కాళ్ళతోనే వేయాలి, లేకపోతే ఉన్న కండరాలు కూడా చిక్కిపోతాయి.

ముందు చక్రాల బండి ఎలా ఉంటుందంటే, ఛాతీకి అటొకటి ఇటొకటి చక్రం, వాటిని కలుపుతూ ఒంటి పక్కల వెనక్కి సాగే రెండు కడ్డీలు, ఛాతీ కింద వేలాడే మెత్తటి జోలె, కడ్డీల వెనక కొసలు పైకి లేవకుండా నడుముకి ఒక బెల్ట్. వెనక కాళ్ళు తోస్తాయి, జోలె ఛాతీని మోస్తుంది, ఎడమ కాలు జోలెలోని కంత గుండా దిగి నేలని తాకుతుంది. ఆ కాలు నేలని తాకి తీరాలి. కాలు గాల్లో వేలాడేలా ఛాతీ మొత్తం జోలె మీద పడేసే అమరిక బ్రూనోకి వద్దు. వెనక కాళ్ళు కూడా బలహీనమైన కుక్కలకి నాలుగు చక్రాల బండ్లు ఉంటాయి. అవి బరువెక్కువ, మలుపు తిప్పడం కష్టం. వెనక కాళ్ళు బాగున్నవాడికి దాని జోలికి పోనక్కర్లేదు.

ఇప్పుడు అసలు సంగతి, జోలె. రెడీమేడ్ జోలెలన్నీ రెండు ముందు కాళ్ళూ ఉన్న కుక్కలకి కుట్టినవి. రెండు కంతలు, చెరో పక్క. ఒక్క ముందు కాలున్న కుక్క ఆ కాలిని పక్కన వేయదు, ఒంటి మధ్యగీత కిందికి తెచ్చుకుని వేస్తుంది. లేకపోతే పక్కకి పడిపోతుంది మరి. కాబట్టి ఎడమ కంత లోపలి అంచు మధ్యకి జరగాలి, కుడి కంత పూర్తిగా మూసేయాలి. మూయకపోతే కాలు లేని వైపు ఛాతీ ఆ కంతలోకి దిగబడి, బండి కుడివైపుకి ఒరుగుతుంది. ఎడమ కంతని వెడల్పు చేయకపోతే దాని లోపలి అంచు చంక మడతలో, రొమ్ము ఎముక పక్కన, ప్రతి అడుగుకీ రాసుకుంటుంది. చర్మం లేచిపోవడానికి రెండు రోజులు చాలు. అమ్మేవాళ్ళని మొదట అడగాల్సిన ప్రశ్న: "ఒక్క ముందు కాలున్న కుక్కకి జోలె మార్చి ఇస్తారా?" ఇవ్వమంటే బండి ఎంత బాగున్నా ఇంకొకరిని చూసుకోండి. చెప్పులు, బ్యాగులు కుట్టేవాళ్ళు కూడా ఈ మార్పు శుభ్రంగా చేసి పెట్టగలరు, కంత అంచుకి మెత్తటి పైపింగ్ వేయడం మరిచిపోకుండా ఉంటే.

బ్రూనోకి రెక్క ఎముక కూడా తీసేశారు కాబట్టి కుడివైపు భుజం ఉండాల్సిన చోట చదునుగా, లోపలికి గుంటపడి ఉంటుంది. అక్కడ కండ పెద్దగా లేదు, చర్మం కింద నేరుగా పక్కటెముకలే. ఏ పట్టీ కట్టినా ఆ పల్లంలోకి జారుతుంది. రెండు వైపులా సమానంగా బిగించిన జోలె పది నిమిషాల్లో మెలి తిరిగి కనిపించడానికి కారణం ఇదే. మందు సింపుల్. నీళ్ళు పీల్చని ఫోమ్, యోగా చాపలు చేసే రకం, పల్లం ఆకారానికి కోసి పొరలు పొరలుగా అతికించి, ఎడమ భుజం ఎత్తుతో సమానం వచ్చేదాకా మెత్త తయారుచేసి జోలె లోపల కుట్టించండి. అంచులు ఏటవాలుగా చెక్కాలి, నిలువుగా వదిలేస్తే అంచే గుచ్చుకుంటుంది. ఆపరేషన్ మచ్చ మీదుగా ఏ పట్టీ, ఏ కుట్టూ పోకుండా చూసుకోండి. ఆ చర్మం మామూలు చర్మంలా సాగదు.

చక్రాలు 30 సెంటీమీటర్ల వ్యాసం చుట్టూ ఉంటే ఆ సైజు కుక్కకి బాగుంటుంది. చిన్న చక్రం చదునైన గచ్చు మీద చక్కగా దొర్లుతుంది, మూడు సెంటీమీటర్ల గడప రాగానే ఆగిపోతుంది, ఆ కుదుపు ఛాతీకి తగులుతుంది. గాలి నింపే టైర్లు మెత్తగా పోతాయి గాని పంక్చర్ల గొడవ ఉంటుంది. ఫోమ్ నింపిన టైర్లు మధ్యేమార్గం. రెండు చక్రాల కింది భాగాలు కాస్త బయటికి, పై భాగాలు లోపలికి వాలి ఉంటే మలుపుల్లో బండి పక్కకి పడదు. ఒక్క ముందు కాలున్న కుక్క ఒక పక్కకి ఒరిగే అవకాశం ఎక్కువ, అందుకని నిటారు చక్రాల కంటే వాలు చక్రాలే మేలు. ఫ్రేమ్ అల్యూమినియం అయితే తేలిక. పీవీసీ పైపులతో ఇంట్లో చేసినవి చిన్న కుక్కలకి నడుస్తాయి, 34 కిలోల బరువుకి పైపు వంగి అమరిక రోజుకోలా మారుతుంది.

కొలతలకి ఇద్దరు కావాలి. ఒకరు ఛాతీ కింద చేయి పెట్టి వెన్ను నేలకి సమాంతరంగా వచ్చేంత వరకు లేపి పట్టుకోవాలి. అలసి వంగిపోయి నిలబడ్డప్పుడు కొలిస్తే బండి కూడా ఆ వంగిన ఒంటికే తయారవుతుంది. గుడ్డ టేపు వాడండి, నేల నుంచి ఎత్తులకి మాత్రం గోడకి ఆనించిన స్కేలు. రాసుకోవాల్సినవి ఇవి: మోచేతి వెనకగా ఛాతీ చుట్టుకొలత, ఛాతీ అన్నిటికన్నా వెడల్పైన చోట అడ్డం, రొమ్ము ఎముక అడుగు నుంచి నేలకి ఎత్తు, భుజాల పైభాగం నుంచి నేలకి ఎత్తు, మెడ చుట్టుకొలత, ఎడమ కాలు ఛాతీలో కలిసే చోట దాని చుట్టుకొలత, రొమ్ము ముందు మొన నుంచి చివరి పక్కటెముకకీ అక్కణ్ణుంచి తోక మొదలుకీ పొడవు, నడుము చుట్టుకొలత. ఒక్కోటి మూడుసార్లు కొలవండి, ఒక సెంటీమీటరు కంటే తేడా వస్తే వాడు కదిలాడని అర్థం, మళ్ళీ కొలవండి. ఎదుటి నుంచి, రెండు పక్కల నుంచి, పైనుంచి ఫొటోలు తీసి కొలతలతో పాటు పంపండి. గుంటపడిన కుడి పక్క అంకెల్లో తెలియదు, ఫొటోలోనే తెలుస్తుంది.

ఎక్కువమంది వదిలేసే కొలత ఇంకొకటి ఉంది. వాడు నడుస్తుండగా పక్క నుంచి వీడియో తీసి, వెనక పాదం ఎంత ముందుకి వచ్చి పడుతోందో చూడండి. గెంతి నడిచే కుక్క వెనక కాళ్ళు బాగా ముందుకి వేస్తుంది. కడ్డీలు లోపలికి ఉంటే మోకాళ్ళు వాటికి కొట్టుకుంటాయి, రెండు దెబ్బలు తగిలాక వాడు ఆ బండి చూస్తేనే పారిపోతాడు. మోకాలికీ కడ్డీకీ మధ్య రెండు వేళ్ళ సందు ఉండాలి. అలాగే ఇంట్లో అన్నిటికన్నా ఇరుకు దారి ఎంతో కొలిచి, బండి మొత్తం వెడల్పు దానికంటే తక్కువ ఉండేలా చెప్పండి.

బండి వచ్చాక మొదటి పని ఇరుసు స్థానం సరిచేయడం. ముందు చక్రాల బండి తక్కెడ లాంటిది, ఇరుసు దాని ముల్లు. ఇరుసుకి ముందు తల, మెడ. వెనక మిగతా ఒళ్ళు. ఇరుసు మోచేతి కంటే వెనక్కి ఉంటే వాడు నేల వాసన చూడ్డానికి తల దించగానే ముందుకి తూలుతుంది, వెనక బెల్ట్ పొట్టని పైకి లాగుతుంది. మరీ ముందుకి ఉంటే కడ్డీల బరువు నడుము మీద కూర్చుంటుంది. మోచేతి గీతకి కొంచెం ముందు, భుజం మొన కిందుగా పెట్టి మొదలుపెట్టండి. బ్రూనో బండిలో నిలబడి ఉండగా కడ్డీల వెనక కొసని రెండు వేళ్ళతో ఎత్తి చూడండి. కొద్దిగా బరువు తెలియాలి, ఎక్కువ కాదు. ఇప్పుడు వాడి ముక్కు ముందు ఒక తినుబండారం పట్టుకుని నేల దాకా దించండి. తల కిందికి పోయినా వెనక కొస లేవకూడదు. లేస్తే ఇరుసుని ఒక్కో సెంటీమీటరు చొప్పున ముందుకి జరుపుతూ మళ్ళీ మళ్ళీ చూడండి.

తర్వాత జోలె ఎత్తు. ఇది కంటితో కుదరదు, బరువు తూచే మిషను తెచ్చుకోండి. మిషను ఎంత మందం ఉందో అంతే మందం చెక్కలు చక్రాల కిందా వెనక కాళ్ళ కిందా పెట్టి, ఎడమ పాదం ఒక్కటే మిషను మీద ఉండేలా నిలబెట్టండి. బండి లేకుండా ఎంత, బండిలో ఎంత, రెండూ రాసుకోండి. ఒక్కోసారి వాడు తల తిప్పితేనే అంకె మారుతుంది కాబట్టి, ఎదురుగా చూస్తూ కుదురుగా ఉన్నప్పటిదే లెక్క. బండి లేకుండా 15, 16 కిలోలు చూపిస్తే, బండిలో 10 దగ్గరికి రావాలి. నాలుగు కాళ్ళున్న రోజుల్లో ఆ కాలు మోసినంత అన్నమాట. 12 దాటితే జోలె అర సెంటీమీటరు పైకి బిగించండి. 6, 7కి పడిపోతే జోలె మరీ పైకి ఉంది, కాలికి పని లేక నేల మీద గీరుతూ పోతుంది, ఛాతీ మీద నొక్కుడు ఎక్కువై వగరుస్తాడు కూడా. సరైన ఎత్తులో పాదం మెత్తలన్నీ నేలకి ఆనుతాయి, మోచేయి కాస్త వంగి ఉంటుంది, వెన్ను సమంగా కనిపిస్తుంది.

జోలె బిగువు రెండు వేళ్ళు దూరేంత. వదులుగా ఉంటే మొదటి రోజే తెలిసిపోతుంది: అలవాటు చొప్పున వాడు గెంతడానికి ఛాతీ లేపుతాడు, దిగేటప్పుడు జోలె టప్పున ఛాతీకి కొడుతుంది, బెదిరి ఆగిపోతాడు. ఆ గెంతు మానేసి నడవొచ్చని వాడికి అర్థం కావడానికి సాధారణంగా రెండు మూడు వారాలు పడుతుంది.

అలవాటు చేయడంలో తొందర పనికిరాదు. మొదటి రెండు రోజులు బండిని వాడు పడుకునే గదిలో ఊరికే ఉంచండి, దాని దగ్గర తినుబండారాలు పెట్టండి. తర్వాత జోలె ఒక్కటే కట్టి ఇంట్లో తిప్పండి. ఆ తర్వాత బండిలో నిలబెట్టి, కదలమనకుండా రెండు మూడు నిమిషాలు మెచ్చుకుని తీసేయండి. నడక మొదలుపెట్టేది చదునైన, విశాలమైన చోట. కొద్దిపాటి వాలు దిగడం కూడా మొదటి నెల వద్దు. రోజుకి రెండుసార్లు ఐదేసి నిమిషాలు, రెండు మూడు రోజులకోసారి రెండేసి నిమిషాలు పెంచుతూ పోండి. మొదటి నెలలో ఒక విడత అరగంట దాటనివ్వద్దు. గొలుసు బండికి కట్టకండి, వాడి ఒంటి హార్నెస్‌కే కట్టండి. బండికి కడితే మీరు లాగినప్పుడల్లా బండి తిరుగుతుంది. ఒంటరిగా బండిలో ఎప్పుడూ వదలకండి: చక్రం దేనికైనా తట్టుకుంటే వెనక్కి రావడం కుక్కకి చాతకాదు, పడుకోవాలన్నా పడుకోలేదు. తిన్న వెంటనే బండి ఎక్కించొద్దు. ఎండ వేళ వద్దు. దగ్గు, ఆయాసం ఉన్న రోజున అసలే వద్దు, జోలె ఛాతీని నొక్కుతుంది.

మగ కుక్క కాబట్టి నడుము బెల్ట్ మూత్రం పోసే చోటికి ముందుగా, పొట్ట మీద ఉండేలా చూసుకోండి. బెల్ట్ తడిస్తే వెంటనే మార్చండి, తడి బట్ట రాసుకున్నంత వేగంగా చర్మాన్ని ఇంకేదీ చెడగొట్టదు. రెండో బెల్ట్ ఒకటి చేతిలో ఉంచుకోవడం మంచిది.

బండి తీసిన ప్రతిసారీ ఎడమ చంక, రొమ్ము ఎముక అడుగు, కుడివైపు మచ్చ చుట్టూ, నడుము బెల్ట్ గీత చూడండి. ఎర్రబడిన చోటు అరగంటలో మామూలైపోతే పర్వాలేదు. అరగంట తర్వాత కూడా ఎరుపు ఉంటే అక్కడ ఒత్తిడి ఎక్కువ, సరిచేసేదాకా బండి ఆపండి. నల్ల లాబ్రడార్ అయితే ఎరుపు కంటికి ఆనదు. వెంట్రుకలు పాయలుగా విడదీసి చూడండి, చేతి వెనక భాగం ఆనించి పక్క చర్మం కంటే వేడిగా ఉందేమో గమనించండి. ఇంకో గుర్తు కూడా ఉంది: పుండుకి ముందు వెంట్రుకలు విరుగుతాయి. నిగనిగలాడే బొచ్చులో ఒక చోట మాత్రం పొట్టిగా, గరుగ్గా, మెరుపు లేకుండా కనిపిస్తే పట్టీ అక్కడే రాస్తోందన్నమాట.

బండి ఒక పక్కకి లాగుతుంటే ముందు ఖాళీ బండిని చదును నేల మీద మూడు మీటర్లు తోసి వదలండి. ఖాళీగానే పక్కకి పోతే చక్రాల అమరికలో లోపం. తిన్నగా పోతే జోలె ఒక వైపు వదులైంది. మొదటి రెండు మూడు షికార్ల తర్వాత నట్లన్నీ ఒకసారి బిగించండి, నైలాన్ రింగు ఉన్న నట్లు వేయిస్తే ఊడిరావు. కొత్త పట్టీలు మొదటి నెలలో సాగుతాయి, అందుకని బరువు మిషను పరీక్ష వారానికోసారి చేయండి. బ్రూనో రెండు కిలోలు తగ్గినప్పుడల్లా జోలె చుట్టుకొలత మళ్ళీ తీసుకోవాలి.

వెనక కాలు పోయిన కుక్కలున్నవాళ్ళకి: మీకు వెనక చక్రాల బండే. నడుము మోసే ఆసనంలో కాలు లేని వైపు రింగు మూయించాలి, తొడ మొండి మిగిలి ఉంటే దాని ఎముక కొస రింగు అంచుకి తగలకుండా మెత్త పెట్టించాలి. మిగిలిన కాలు ఇక్కడా మధ్యగీత కిందికే వస్తుంది, కాబట్టి గజ్జల దగ్గర నడిమి పట్టీ సన్నగా ఉండాలి. కుడి వెనక కాలు ఒక్కటే తోస్తే బండి ఎడమకి తిరుగుతుంది, ఎడమ కాలైతే కుడికి. వెన్నెముక బండికి సరిగ్గా మధ్యలో ఉంటే ఈ తిరుగుడు తగ్గుతుంది. కడ్డీలు భుజాల మీద నొక్కుతుంటే ఇరుసు ముందుకి, పొట్ట బెల్ట్ పైకి లాగుతుంటే ఇరుసు వెనక్కి జరపండి. ఆపరేషనైన కొత్తలో ఎవరూ బండి కొనకండి. కుట్లు విప్పడానికే 10 నుంచి 14 రోజులు పడుతుంది, వాపు దిగి కండ కుదురుకున్నాకే కొలతలు నిలుస్తాయి.

కృత్రిమ కాలు పెట్టించొచ్చా అని కూడా చాలామంది అడుగుతారు. దానికి తొడుక్కునేంత మొండి మిగిలి ఉండాలి, ముందు కాలికైతే మోచేయి, దాని కింద కొంత ఎముక మిగలాలి. బ్రూనోకి రెక్క ఎముకే లేదు కాబట్టి ఆ దారి లేదు. కాలు తీయించబోతున్నవాళ్ళు మాత్రం ఆపరేషన్‌కి ముందే ఈ విషయం డాక్టరుతో మాట్లాడుకోండి.

చివరిగా కొనుగోలు సంగతి. డబ్బు కట్టకముందే జోలె మార్పు, చక్రాల మార్పు, వెనక్కి తీసుకునే గడువు రాతపూర్వకంగా తీసుకోండి, గడువు నెలకి తగ్గకూడదు. మీకు అందుబాటులో జంతువుల ఫిజియోథెరపీ చేసేవాళ్ళుంటే వాళ్ళ దగ్గర బండి ఒకసారి ఎక్కించి చూడమనండి. మూడు వారాలు ఓపిగ్గా ప్రయత్నించినా వాడు బండిలో బిగుసుకుపోయి నిలబడుతుంటే బలవంతపెట్టకండి, గడువులోపు తిరిగిచ్చేయండి. పిడి ఉన్న హార్నెస్, మణికట్టుకి బ్రేస్, పది నిమిషాల నడక ఒకటికి బదులు ఐదేసి నిమిషాలవి రోజుకి నాలుగు, బరువు తగ్గడం పూర్తయ్యేదాకా వాడికి అవే చాలు. 29 కిలోలకి వచ్చాక బండిని మరోసారి చూడొచ్చు.